ఉద్వేగ ప్రజ్ఞ: దాని కొలత, ఉద్యోగ జీవితంలో దాని వినియోగం

ఉపోద్ఘాతము

“నోరు మంచిదైతే ఊరు మంచిది” అన్న సామెతను మన పల్లెలలో వినని వారుండరు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో ఎదుటివాని మనఃస్థితిని గుర్తెరిగి మెలగగల వానిని ‘మిజాజ్‌షనాస్’ అని గౌరవంగా పేర్కొంటారు. ఈ నేర్పు గలవాడు దుకాణంలోనైనా, కచేరిలోనైనా, పొలం గట్టుపైనైనా రాణిస్తాడని మన పెద్దలు అనుభవం చేత గ్రహించినారు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా ఈ నేర్పును నిర్వచించడానికి, గడచిన మూడు దశాబ్దులకు పైగా దానిని అంకెలలో కొలవడానికి ప్రయత్నిస్తున్నారు. దీనికే ఉద్వేగ ప్రజ్ఞ అని పేరు.

నేడు ఇది మన విద్యార్థులకు కేవలం పాఠ్యాంశం కాదు. కేంద్ర ప్రభుత్వ సివిల్ సర్వీసుల మెయిన్స్ పరీక్షలో 2013 నుండి 250 మార్కులకు నిర్వహిస్తున్న నీతిశాస్త్ర పత్రంలో ఉద్వేగ ప్రజ్ఞ, పరిపాలనలో దాని ఉపయోగం అనే అంశం చేర్చబడినది. 2019 నుండి వైద్య విద్యార్థుల పాఠ్యప్రణాళికలో రోగితో సంభాషించు తీరు, వైఖరి, నైతికత బోధనాంశములైనవి. 2022లో వనపర్తిలోను, నాగర్‌కర్నూలులోను ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలలలో చేరిన మన ప్రాంతపు బిడ్డలు కూడ ఆ పాఠములు చదువవలసినదే. ఇక ప్రైవేటు సంస్థలు ఉద్యోగుల ఎంపికలో ఇట్టి ప్రశ్నావళులను వాడటం కొత్త సంగతి కాదు. ఒక అంకె తన కొలువును నిర్ణయించే రోజున, ఆ అంకె ఎట్లా పుట్టినదో తెలుసుకొనడం విద్యార్థికి అవసరం. కావున ఈ వ్యాసంలో మూడు ప్రశ్నలను పరిశీలింతము. ఉద్వేగ ప్రజ్ఞ అనగా నేమి? దానిని ఎట్లా కొలుస్తారు? ఆ కొలతను కొలువులలో ఎంతవరకు నమ్మవచ్చును?

భావన పుట్టుపూర్వోత్తరములు

ఉద్వేగములను వర్గీకరించడం మనకు క్రొత్త కాదు. భరతముని నాట్యశాస్త్రంలో ఎనిమిది స్థాయీభావములను, ముప్పది మూడు సంచారీభావములను, ఎనిమిది సాత్త్విక భావములను, మొత్తం నలుబది తొమ్మిది భావములను లెక్కించినాడు. చెమట, గద్గద స్వరం, ముఖం వివర్ణమగుట వంటి బాహ్య చిహ్నముల ద్వారా లోపలి భావమును గుర్తించవచ్చునన్నది ఆ శాస్త్రపు మూలసూత్రములలో ఒకటి. అయితే భరతుని దృష్టి రంగస్థలం మీద ఉన్నది. ఆధునికుల దృష్టి నిత్యజీవితం మీద ఉన్నది.

అమెరికా శాస్త్రజ్ఞుడు థార్న్‌డైక్ 1920లో ‘సాంఘిక ప్రజ్ఞ’ అనే భావనను ప్రతిపాదించినాడు. మనుష్యులను అర్థం చేసికొని, మానవ సంబంధాలలో వివేకంతో వర్తించగల శక్తి అని దాని తాత్పర్యం. 1983లో హోవార్డ్ గార్డ్‌నర్ ప్రజ్ఞ ఒకటి కాదనీ, అనేక విధములనీ వాదిస్తూ, తన్ను తాను ఎరుగు ప్రజ్ఞను, పరులను ఎరుగు ప్రజ్ఞను అందులో చేర్చినాడు. 1990లో పీటర్ సాలవే, జాన్ మేయర్ అనే ఇద్దరు ఆచార్యులు ఉద్వేగ ప్రజ్ఞకు శాస్త్రీయమైన నిర్వచనం ఇచ్చినారు. 1997లో వారు దానిని నాలుగు శాఖలుగా విడదీసినారు. అవి: తనలోను, పరులలోను ఉద్వేగములను గుర్తించుట, ఆలోచనకు తోడ్పడునట్లు వాటిని వినియోగించుకొనుట, వాటి కారణములను, పరిణామములను అర్థం చేసికొనుట, వాటిని నిర్వహించుకొనుట.

1995లో డానియల్ గోల్‌మన్ రచించిన గ్రంథం వలన ఈ పదం లోకమంతట వ్యాపించినది. దానితోపాటు ఒక అపోహ కూడ వ్యాపించినది. జీవిత విజయంలో ప్రజ్ఞాలబ్ధి పాత్ర ఇరువది పాళ్ళకు మించదని ఆయన వ్రాయగా, మిగిలిన ఎనుబది పాళ్ళు ఉద్వేగ ప్రజ్ఞవేనని పాఠకులనేకులు అర్థం చేసికొన్నారు. ఆ మిగిలిన దానిలో కుటుంబ స్థితి, అవకాశం, ఆరోగ్యం, అదృష్టం, శ్రమ వంటివన్నియు ఉన్నవి. ఎనుబది పాళ్ళ మాటను ఉపన్యాసములలో విన్నప్పుడు విద్యార్థులు దానిని ప్రమాణంగా స్వీకరింపరాదు.

తెలుగు నేలపై జరిగిన ఒక ప్రయోగము

ఈ శాస్త్రానికి తెలుగు దేశంతో గల సంబంధం చాలమందికి తెలియదు. గోల్‌మన్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెక్లెలండ్ వద్ద శిక్షణ పొందినవాడు. ఆ మెక్లెలండ్ 1964లో తన సహచరులతో కలిసి కాకినాడ పట్టణపు వ్యాపారులపై ఒక ప్రయోగం జరిపినాడు. వ్యాపారులను బృందములుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించి, కొద్ది దినముల పాటు ‘సాధన ప్రేరణ’ను పెంపొందించే శిక్షణ ఇచ్చినారు. బొమ్మలను చూపి కథలు వ్రాయించి, ఆ కథలలో సాధన తలంపులు ఎన్ని ఉన్నవో లెక్కించుట అక్కడ కొలత. మరీ సులువు కాని, మరీ అసాధ్యం కాని లక్ష్యమును ఎన్నుకొనుట అక్కడి పాఠం. శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారులతో వీరిని పోల్చి చూచినారు. తరువాతి సంవత్సరములలో శిక్షణ పొందినవారు క్రొత్త వ్యాపారములు ప్రారంభించుటలోను, పెట్టుబడి పెట్టుటలోను, పనివారిని చేర్చుకొనుటలోను ఎక్కువ చురుకుదనం చూపినారు. ఈ ఫలితములు 1969లో గ్రంథరూపంలో వెలువడినవి.

ఈ ప్రయోగం నుండి మనం నేర్వవలసినవి రెండు. మనసు తీరు పుట్టుకతో స్థిరపడిపోదు, తగిన శిక్షణతో మారగలదు అన్నది మొదటిది. కొలత సఫలమైనదో లేదో తెలిసికొనుటకు కొలిచిన వారి తరువాతి ప్రవర్తనను చూడవలెను గాని, వారు చెప్పిన మాటను కాదు అన్నది రెండవది. 1973లో మెక్లెలండ్, ఉద్యోగములకు కేవల ప్రజ్ఞా పరీక్షలకు బదులు ఆయా పనులకు కావలసిన సామర్థ్యములను పరీక్షింపవలెనని వ్రాసిన వ్యాసం, నేటి ఉద్యోగ పరీక్షలకు దారి తీసినది.

కొలిచే పద్ధతులు

నేడు వాడుకలో ఉన్న కొలతలను మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటిది స్వీయ నివేదిక. “నాకు కోపం వచ్చినప్పుడు నిగ్రహించుకొనగలను” వంటి వాక్యములు ఇచ్చి, ఎంతవరకు అంగీకరిస్తావో గుర్తించమంటారు. 1997లో రూవెన్ బార్-ఆన్ ప్రచురించిన 133 వాక్యముల ప్రశ్నావళి, 1998లో షుట్ మొదలగువారు రూపొందించిన 33 వాక్యముల మాపని ఈ కోవకు చెందినవి. మన దేశంలో హైడ్, పేఠే, ధర్ అనే ముగ్గురు కలిసి 34 వాక్యములతో రూపొందించిన మాపని పరిశోధకుల వాడుకలో ఉన్నది.

రెండవది సామర్థ్య పరీక్ష. ఇందులో అభ్యర్థి తన గురించి చెప్పుకొనడు. లెక్కల పరీక్షలో వలె సమస్యలను పరిష్కరించవలెను. ముఖచిత్రమును చూపి అందులోని భావమేదని అడుగుతారు. ఒక సన్నివేశమిచ్చి ఏ చర్య ఎక్కువ ఫలప్రదమని అడుగుతారు. మేయర్, సాలవే, కరూసో 2002లో వెలువరించిన 141 ప్రశ్నల శోధిక వీటిలో ప్రసిద్ధమైనది.

మూడవది బహుముఖ మూల్యాంకనము. ఉద్యోగిని గురించి అతని పై అధికారి, సహోద్యోగులు, క్రింది ఉద్యోగులు వేర్వేరుగా గుర్తులు వేస్తారు. గోల్‌మన్, బోయట్జిస్ రూపొందించిన పద్ధతి ఇట్టిది.

స్వీయ నివేదిక చౌకగా, త్వరగా ముగుస్తుంది. కాని ఉద్యోగం కోరి వచ్చినవాడు “నేను కోపిష్ఠిని” అని ఏల వ్రాసుకొంటాడు? అదియును గాక, తన్ను తాను ఎరుగుటయే ఉద్వేగ ప్రజ్ఞలో ఒక భాగం కదా! ఆ గుణం లోపించినవాడు తనలో అది లోపించినదని ఎట్లా చెప్పగలడు? స్వీయ నివేదికలో వచ్చిన గుర్తులకు, సామర్థ్య పరీక్షలో వచ్చిన గుర్తులకు సహసంబంధం సుమారు 0.2 మాత్రమేనని పరిశోధనలు తెలిపినవి. ఒకే పేరుతో చెలామణి అవుతున్న ఈ రెండు కొలతలు నిజానికి ఒకే వస్తువును కొలుచుట లేదన్న మాట.

ఒక మాదిరి ప్రశ్న

సామర్థ్య పరీక్షలో కూడ చిక్కు లేకపోలేదు. దానిని బోధపరచుటకు మేము ఒక ప్రశ్నను కల్పిస్తున్నాము.

గద్వాల చీరల దుకాణంలో మీరు క్రొత్తగా చేరినారు. ఒక కొనుగోలుదారు, నూలు చీరకు పట్టు అంచు కలిసిన చోట పోగులు వీడినవని, మోసపోయినామని అందరి ఎదుట బిగ్గరగా నిందిస్తున్నారు. దుకాణం యజమాని ప్రక్కనే కూర్చున్నారు. మీరేమి చేస్తారు?

(అ) చీరలో లోపం లేదని వాదిస్తాను.
(ఆ) మౌనంగా యజమాని వైపు చూస్తాను.
(ఇ) కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, చీరను చూపమంటాను.
(ఈ) వెంటనే డబ్బు తిరిగి ఇస్తామని చెప్తాను.

మనలో ఎక్కువ మంది (ఇ) అని గుర్తిస్తారు. కాని (ఆ) అన్నవానికి ఎన్ని గుర్తులు వేయవలెను? నగరంలోని పెద్ద అంగడి అధికారి దానిని పిరికితనం అంటాడు. పెద్దవారు ఎదుట ఉండగా క్రొత్తవాడు ముందుకు వచ్చి మాట్లాడటం మర్యాద కాదని నేర్చుకొని పెరిగిన మన పిల్లవానికి అది వివేకం. యజమాని కనుసన్న కొరకు వేచి ఉండటంలో కూడ పరుల మనసు ఎరుగుట ఉన్నది. లెక్కల పరీక్షలో జవాబు వస్తువును బట్టి తేలుతుంది. ఇక్కడ జవాబు, ఎక్కువమంది ఏమన్నారు అనే దానిని బట్టియో, నిపుణులు ఏమన్నారు అనే దానిని బట్టియో తేలుతుంది. ఆ ఎక్కువమంది ఎవరు, ఆ నిపుణులు ఏ దేశంవారు అన్నదే అసలు ప్రశ్న.

మంచి కొలతకు ఉండవలసిన లక్షణములు

ఏ శోధికకైనను మూడు లక్షణములు అవసరం. మొదటిది విశ్వసనీయత, నేడు కొలిచినా, నెలకు కొలిచినా దాదాపు ఒకే ఫలితం రావలెను. రెండవది సప్రమాణత, దేనిని కొలుస్తానన్నదో దానినే కొలువవలెను. ప్రతిసారి నూరు గ్రాములు తక్కువ తూచే త్రాసుకు విశ్వసనీయత ఉన్నది, సప్రమాణత లేదు. మూడవది ప్రమాణ నిర్ణయం. ఎవరి సగటుతో పోల్చి మనకు గుర్తులు వేస్తున్నారో ఆ జనసమూహం మనకు సరిపోలినదై ఉండవలెను.

మన ప్రాంతపు విద్యార్థికి ఈ మూడవ లక్షణమే ప్రధానం. అమెరికా జనుల సగటుపై, ఇంగ్లీషు భాషలో తయారైన ప్రశ్నావళిని, ఇంట తెలుగో ఉర్దూయో మాట్లాడే వనపర్తి విద్యార్థికి ఇచ్చినప్పుడు, దానిలో కొంత భాగం అతని ఇంగ్లీషును కొలుస్తుంది. తర్జుమా చేసినా చిక్కు తీరదు. మన పాలమూరు ప్రజల నోట ‘రంది’ అన్న మాట ఉన్నది. అది దుఃఖం కాదు, భయం కాదు. మనసును లోపలనుండి తొలిచే దీర్ఘచింత. ‘బుగులు’ ఉన్నది, అది వట్టి భయం కాదు, గుండె జారుట. ఉర్దూ నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన ‘ఫికరు’, ‘బేజారు’, ‘పరేషాను’, ‘శరము’ ఉన్నవి. ‘శరము’ అన్నదానిలో సిగ్గు, మర్యాద, మానం అన్నీ ఇమిడి ఉన్నవి. ఇన్ని ఛాయలను ఎరిగిన విద్యార్థి, నాలుగు ఇంగ్లీషు పదముల మధ్య తడబడితే అతనికి ఉద్వేగ ప్రజ్ఞ తక్కువని నిర్ణయించుట న్యాయం కాదు.

ఉద్యోగములలో వినియోగము

అట్లని ఈ శాస్త్రం నిష్ప్రయోజనమని మేము చెప్పుట లేదు. అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి 2011లో ఓబాయిల్ మొదలగువారు జరిపిన సమీక్షలో, ఉద్వేగ ప్రజ్ఞకు, ఉద్యోగ నిర్వహణకు నడుమ సహసంబంధం 0.24 నుండి 0.30 వరకు ఉన్నట్లు తేలినది. చదువు విషయంలో 158 పరిశోధనలను, నలుబది రెండు వేల మందికి పైగా విద్యార్థులను పరిశీలించిన 2020 నాటి సమీక్షలో ఆ సంఖ్య 0.20. ఈ సంఖ్యల అర్థమేమి? 0.30ను దానితోనే హెచ్చవేసిన 0.09 వచ్చును. అనగా ఉద్యోగుల పనితీరులోని తేడాలలో సుమారు తొమ్మిది పాళ్ళను మాత్రమే ఈ కొలత వివరింపగలదు. ఇది కొట్టివేయదగినది కాదు. కాని ఒకని భవిష్యత్తును దీనిపై మాత్రమే నిర్ణయించుటకు చాలినదియు కాదు.

ఇంకొక విశేషం కలదు. 2010లో జోసెఫ్, న్యూమన్ జరిపిన సమీక్ష ప్రకారం, మనుష్యులతో నిత్యం వ్యవహరించే ఉద్యోగములలోనే ఉద్వేగ ప్రజ్ఞ ఎక్కువగా ఉపకరిస్తుంది. యంత్రముతోనో, లెక్కలతోనో పనిచేసే చోట దాని ప్రభావం స్వల్పం. కావున “అన్ని కొలువులకు ఇదే తాళపుచెవి” అన్న ప్రకటన సత్యం కాదు.

మన కండ్ల ఎదుట ఉన్న ఉదాహరణ తీసికొందము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం కల్పించినారు. ప్రయాణికుల రద్దీ పెరిగినది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు డిపోల కండక్టరు దినమంతా నిలువుకాళ్ళపై ఉండి ఆధార్ కార్డు చూడవలెను, టికెట్టు ఇవ్వవలెను, సీటు తగవులు తీర్చవలెను, కోపపు మాటకు శాంతంగా బదులు చెప్పవలెను. 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సమాజశాస్త్రవేత్త విమాన పరిచారికలను పరిశీలించి, ఇట్టి పనికి ‘ఉద్వేగ శ్రమ’ అని పేరు పెట్టినది. లోపల ఉడుకుతూ పైకి నవ్వుట ఒక పద్ధతి. ఎదుటివాని ఇబ్బందిని ఊహించి తన మనసునే మార్చుకొనుట మరొక పద్ధతి. మొదటి పద్ధతి మనిషిని త్వరగా అలసటకు గురిచేయునని పరిశోధకులు కనుగొన్నారు. రెండవ పద్ధతిని శిక్షణతో నేర్పవచ్చును. అయితే నేర్పించిన మాత్రాన రద్దీ తగ్గదు. కండక్టరుకు సహనం నేర్పువారు, అతని పనిగంటలను, బస్సుల సంఖ్యను కూడ చూడవలెను. పని పరిస్థితులలోని లోపమును పనివాని మనసులోని లోపంగా చూపుట ఈ శాస్త్రపు మొదటి దుర్వినియోగం.

రెండవ దుర్వినియోగం ఇంకను లోతైనది. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు, కాలువలు కట్టిన సంగతి జగమెరిగినది. వారిని కూడగట్టుకొని తీసికొనిపోయే మేస్త్రీ మనసులను చదువగల నేర్పరి. ఏ ఇంట పెండ్లి ఉన్నదో, ఎవరి పొలం ఎండినదో, ఎవరికి రంది పట్టినదో అతనికి తెలుసు. మంచి మేస్త్రీ ఆ తెలివితో తన గుంపును కాపాడుకొన్నాడు. చెడ్డ మేస్త్రీ అదే తెలివితో సరిగ్గా ఆ గడ్డు దినమున అడ్వాన్సు చేతిలో పెట్టి, సంవత్సరమంతా కట్టివేసినాడు. ఇద్దరి గుర్తులు పరీక్షలో సమానంగానే రావచ్చును! ఉద్వేగ ప్రజ్ఞ కత్తి వంటిది. అది కూరగాయలు తరుగునో, గొంతు కోయునో శీలం నిర్ణయిస్తుంది. కొలమానము శక్తిని కొలువగలదు గాని నియ్యతును కొలువలేదు.

మన కళాశాలలో చేయదగినవి

పై చర్చను అనుసరించి మా సూచనలను విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు సవినయంగా ఉంచుతున్నాము.

1. వెల ఇచ్చి తెచ్చిన ప్రశ్నావళి ఏదైనను, దాని గుర్తులను బట్టి విద్యార్థులను మంచివారు, చెడ్డవారని విభజింపరాదు. తన్ను తాను తరచి చూచుకొనుటకు మాత్రమే దానిని ఇవ్వవలెను. ఆ గుర్తులు విద్యార్థికి తప్ప అన్యులకు తెలియరాదు.

2. ఇట్టి శిక్షణను తెలుగులోను, ఉర్దూలోను ప్రారంభించి, తరువాత ఇంగ్లీషుకు తీసికొనిపోవలెను. ఒక ఉద్వేగమునకు సరియైన పేరు పెట్టగలిగిననాడు దాని తీవ్రత కొంత తగ్గునని ప్రయోగములు తెలుపుతున్నవి. ఆ పేర్లు మన నోట ఇదివరకే ఉన్నవి.

3. ఇంటర్వ్యూకు వెళ్ళే విద్యార్థుల చేత పైన చూపిన మాదిరి సన్నివేశములను తరగతిలో అభినయింపజేసి, ఏ జవాబు ఎందుకు మేలో చర్చింపజేయవలెను. “ఇక్కడ మౌనం మర్యాద; అక్కడ మౌనం అజ్ఞానంగా తోచును” అన్న భేదమును వారికి తెలియజెప్పవలెను. దీని అర్థం మన మర్యాదను విడువుమని కాదు. రెండు భాషలు నేర్చినట్లే రెండు మర్యాదలు నేర్వుమని.

4. చీరల దుకాణాల వారిని, ఆసుపత్రి నర్సులను, బస్సు కండక్టర్లను, మహిళా పొదుపు సంఘాల నాయకురాళ్ళను కళాశాలకు పిలిచి వారి అనుభవములను వినిపింపజేయవలెను. ఈ విద్యలో వారు మనకు గురువులు.

5. శిక్షణ ఫలించినదా అని తెలిసికొనుటకు కాకినాడ ప్రయోగం చూపిన దారి కలదు. సంవత్సరం తరువాత మన విద్యార్థులు కొలువులో నిలిచినారా, పై అధికారితో తగవు వచ్చినప్పుడు ఎట్లా పరిష్కరించుకొన్నారు అన్నది కనుక్కొనవలెను.

ముగింపు

విద్యార్థులారా! ఉద్వేగ ప్రజ్ఞ నిజమైన శక్తి. అది నేర్చుకొనదగినది, శిక్షణతో మధ్యస్థంగానైనా పెరుగునని 2019 నాటి సమీక్ష కూడ నిరూపించినది. కాని దానిని కొలిచే పనిముట్టు ఇంకను పసితనంలోనే ఉన్నది. ఎక్కడనైనా మీకు తక్కువ గుర్తులు వచ్చిన, “నేను మనుష్యులతో మెలగుటకు పనికిరాను” అని క్రుంగిపోకుడు. ఆ ప్రశ్నలు ఏ భాషలో, ఎవరి సగటుతో తయారైనవో అడుగుడు. ఎక్కువ గుర్తులు వచ్చిన పొంగిపోకుడు. ఆ తెలివిని ఎవరి మేలుకు వాడుతున్నారో మిమ్ములను మీరే ప్రశ్నించుకొనుడు. రేపు మీలో కొందరు అధికారులై, ఇతరులను కొలిచే కుర్చీలో కూర్చుంటారు. ఆనాడు ఎదుట నిలిచిన పల్లెటూరి పిల్లవాని మౌనంలో అజ్ఞానమును గాక మర్యాదను చదువగలిగితే, అదే మీ ఉద్వేగ ప్రజ్ఞకు నిజమైన పరీక్ష.